సేవాబంధమా? ఋణబంధమా?

విద్యకై ధనమిచ్చువారు రెండు విధముల నిత్తురు. ప్రతిఫలము కోరక యిచ్చినచో నది దానము. వడ్డీతో మరల పుచ్చుకొనుటకై యిచ్చినచో నది ఋణము. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. “నిన్ను మేము చదివించెదము, చదువు ముగిసిన పిదప నీ విద్యతో మాకు కొంతకాలము సేవ చేయుము” అను నొడంబడిక యది. ఇందు దాతయు లేడు, యాచకుడును లేడు. మాట యిచ్చి మాట పుచ్చుకొన్న యిరుపక్షములు మాత్రమే కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వమువారు తమ కంప్యూటరుల రక్షణకై యువజనులను సిద్ధము చేయు తలంపుతో 2001 సం॥ నుండి యిచ్చుచు వచ్చిన విద్యార్థివేతనములు ఈ మూడవ తెగకు చేరినవి. ఆ యొడంబడిక 2025 సం॥న నెట్లు వికటించినదో, అందు ధర్మమెవరి పక్షమున నున్నదో విచారించుట నేటి మా యుద్దేశము.

ఇది పరదేశపు ముచ్చట కదా, మనకేల యని కొందరు పాఠకు లడుగవచ్చును. అమెరికాలో కంప్యూటరు విద్య నభ్యసించు బిడ్డ యొకరైన లేని బంధువర్గము నేడు తెలుగునాట నరుదు. విద్యార్థి వీసాపై పోయిన మన బిడ్డల కీ వేతనములు దొరకవు. ఆ దేశపు పౌరులకును, శాశ్వతనివాసపు హక్కు పొందినవారికిని మాత్రమే యివి యుద్దిష్టములు. కాని యచ్చట స్థిరపడి పౌరసత్వము స్వీకరించిన తెలుగువారి సంతతికి వీనియందు పూర్ణమైన అర్హత కలదు. అంతకు మించిన కారణము మరియొకటి యున్నది. చదువు చెప్పించి సేవ కోరు పద్ధతి మన దేశమున గూడ వైద్యవిద్యయందు అమలులో నున్నది. కావున నచ్చటి తగవునందు తేలు న్యాయము మనకును పనికివచ్చును.

మొదట నీ రక్షణ యననేమో తెలిసికొనవలెను. పూర్వము గ్రామపు అడంగలు కరణముగారి పెట్టెలో నుండెడిది. పెట్టెకు తాళము, ఇంటికి తలుపు, వీధికి కావలి యుండెను. నేడు భూముల లెక్కలు కంప్యూటరులలో నున్నవి. బ్యాంకి నిలువలు, విద్యుచ్ఛక్తి పంపిణీ, పట్టణములకు నీటి సరఫరా, ఆసుపత్రుల రోగపత్రములు, సైన్యముల యుత్తరప్రత్యుత్తరములు సమస్తమును అట్టి యంత్రములనే యాశ్రయించి నడచుచున్నవి. ఆ యంత్రములు తీగలచేతను, ఆకాశమార్గమునను ప్రపంచమంతతో ముడివడి యున్నవి. ఇంటిదొంగయైనచో గోడ దూకి రావలెను. ఈ దొంగ పదివేల మైళ్ల దూరమున కూర్చుండియే పెట్టె తెరవగలడు. తీసికొనిపోయిన జాడయు నిలువనీయడు. ఇట్టి దొంగను పట్టుటకు లాఠీయు తుపాకియు చాలవు. వానికి తెలిసిన విద్యయే కావలివానికిని తెలిసి యుండవలెను. దీనినే సైబరు భద్రత యనుచున్నారు.

ఈ యవసరము అమెరికావారికి మెల్లమెల్లగా బోధపడినది. 1986 సం॥న కాలిఫోర్నియాలోని లారెన్సు బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చెను. క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రవేత్త ఆ చిల్లర తేడాను విడువక వెంబడింపగా, పశ్చిమ జర్మనీనుండి కొందరు అమెరికా సైనిక యంత్రములలో చొరబడి, దొరకిన విషయములను సోవియట్ గూఢచారులకు విక్రయించుచున్నట్లు తేలినది. 1988 సం॥ నవంబరు 2వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థియగు రాబర్ట్ మోరిస్ వదలిన యొక క్రమణిక తనంతట తాను యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, నాటి అంచనా ననుసరించి సుమారు 6,000 యంత్రములను స్తంభింపజేసెను. ఆ విద్యార్థి తండ్రి కంప్యూటరు రక్షణకై యేర్పడిన ప్రభుత్వసంస్థలో ముఖ్య శాస్త్రజ్ఞుడగుట విధివిలాసము. మరల 1998 సం॥ ఫిబ్రవరిలో, ఇరాకుతో నుద్రిక్తత లున్న సమయమున, రక్షణశాఖ యంత్రములలో నెవరో ప్రవేశించిరి. శత్రురాజ్యపు పన్నాగమని యధికారులు కలవరపడగా, చేసినవారు కాలిఫోర్నియాకు చెందిన యిద్దరు బాలురును, వారికి దారి చూపిన యొక ఇజ్రాయేలు యువకుడును అని బయటపడినది. బాలురకే సాధ్యమైన పని రాజ్యములకు సాధ్యము కాదా యను ప్రశ్న యప్పుడు పుట్టినది.

ఆ సంవత్సరము మే 22వ తేదీన అధ్యక్షుడు క్లింటను జాతీయ ప్రాణాధారములగు వ్యవస్థల రక్షణకై యొక ఆదేశము జారీచేసెను. 2000 సం॥ జనవరిలో వెలువడిన జాతీయ ప్రణాళిక, యంత్రములకంటె ముందు మనుష్యులు కావలెనని గుర్తించెను. నేర్పరులు కొద్దిమంది, ఉన్న కొద్దిమందిని కంపెనీలు పెద్ద జీతములిచ్చి తీసికొనిపోవుచుండెను. ప్రభుత్వమున కెవరు వత్తురు? ఈ చిక్కునకు పరిష్కారముగా ‘సైబర్‌కోర్ స్కాలర్‌షిప్ ఫర్ సర్వీస్’ అను పేర, అనగా సేవార్థమైన విద్యార్థివేతనము అను పేర, ఈ పథకము పుట్టినది. తుల్సా, పర్డ్యూ, కార్నెగీ మెలన్ మున్నగు కొన్ని విద్యాపీఠములతో నారంభమై తరువాత దేశమంతట వ్యాపించినది. 2014 సం॥ డిసెంబరునందు శాసనసభ దీనికి ప్రత్యేక చట్టబలము గూడ చేకూర్చెను.

ఇట్టి యాలోచన యా దేశమునకు క్రొత్తది గాదు. 1957 సం॥ అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియను స్పుట్నిక్ ఉపగ్రహమును ఆకాశమునకు పంపగా, అమెరికా ప్రజలకు తమ చదువులపై సందేహము కలిగెను. మరుసటి సంవత్సరమే జాతీయ రక్షణ విద్యాచట్టము వచ్చినది. దానిక్రింద విద్యార్థులకు తక్కువ వడ్డీతో ఋణము లిచ్చి, చదువు ముగించి ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయులైన వారికి ఆ ఋణములో సగమువరకు మాఫీ చేసిరి. అచ్చట ఋణము సేవచే తరిగెడిది. ఇచ్చట సేవ లభింపకపోవుటచే వేతనమే ఋణముగా పెరుగుచున్నది. రెంటికిని గల తారతమ్యమును పాఠకులు గమనింతురు గాక.

పథకము నడచు తీరు ఇది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అను జాతీయ విజ్ఞానసంస్థ విశ్వవిద్యాలయములకు ధనమిచ్చును. విశ్వవిద్యాలయములు విద్యార్థుల నెన్నుకొనును. ఎన్నికైనవారికి బోధనరుసుము లన్నియు చెల్లించుటయే గాక, పట్టమునకు ముందు చదువువారికి సాలుకు 27,000 డాలరులును, పట్టభద్రులై పై చదువులు చదువువారికి 37,000 డాలరులును జీవనవేతనముగా ముట్టును. పుస్తకములు, ప్రయాణములు, పరీక్షలు మున్నగువానికై సాలుకు మరి 6,000 డాలరులు కలదు. ఇట్లు మూడు సంవత్సరములవరకు పొందవచ్చును. ఇందులకు ప్రతిగా, ఎంతకాలము వేతనము పొందిరో అంతకాలము ప్రభుత్వోద్యోగము చేయవలెను. పట్టము చేతికి వచ్చిన 18 నెలలలోపల నుద్యోగమును విద్యార్థియే వెదకుకొనవలెను. సేవ నెరవేరనిచో పొందిన సొమ్మంతయు ప్రభుత్వవిద్యాఋణముగా మారి వడ్డీతో తీర్చవలసి వచ్చును. ఉద్యోగముల యేర్పాటు చూచు బాధ్యత ఆఫీస్ ఆఫ్ పర్సనెల్ మేనేజ్‌మెంట్ అను ఉద్యోగవ్యవహారముల కార్యాలయముపై నున్నది.

ఆ కార్యాలయపు చరిత్రయే యీ పథకపు అగత్యమునకు గొప్ప సాక్ష్యము. ప్రభుత్వమున రహస్యవిషయములతో పనిచేయగోరువారు తమ కుటుంబము, అప్పులు, వ్యాధులు, పరదేశస్నేహములు సర్వమును వ్రాసి యొక పత్రము సమర్పింపవలెను. ఆ పత్రములు అప్పట్లో ఈ కార్యాలయమునందే భద్రపరుపబడుచుండెను. 2015 సం॥న అవి దొంగల పాలైనట్లు బయటపడినది. సుమారు 2 కోట్ల 15 లక్షలమంది వివరములును, 56 లక్షలమంది వ్రేలిముద్రలును పోయినవి. రహస్యపదము పోయిన మార్చుకొనవచ్చును. వ్రేలిముద్ర పోయిన నే మార్చుకొందుము? దేశపు సేవకుల జాతకములన్నియు నొక్కచోట నుంచి, దానికి చాలినంత కావలి పెట్టకపోవుటవలన కలిగిన ఫలమది. కావలివాండ్రను తయారుచేయు పథకమును నడపు కార్యాలయమునకే కావలి కొరవడినదన్న, అట్టివారి యవసరమును వేరుగ నిరూపింప నేల?

ఇంతవరకు సర్వమును బాగుగనే యున్నది. బుద్ధిమంతుడగు పేదవిద్యార్థికి చదువు దొరకెను. ప్రభుత్వమునకు నేర్పరి దొరకెను. గడువు ముగిసినను ప్రభుత్వమునందే నిలిచిపోయినవారు కలరు. వెలుపలికి పోయినవారును దేశపు వ్యవస్థలకే యుపయోగపడిరి. కాని 2025 సం॥ జనవరి 20వ తేదీన అధ్యక్షపదవి మరల స్వీకరించిన ట్రంపుగారు ఆ దినముననే కేంద్రప్రభుత్వ సివిలు నియామకములను నిలిపివేయు నుత్తరువు చేసిరి. దేశరక్షణకును ప్రజాభద్రతకును సంబంధించిన యుద్యోగములకు మినహాయింపు కలదని యందు వ్రాసియున్నను, ఆచరణలో నా మినహాయింపు ఈ విద్యార్థులకు గొడుగు కాలేదు. ఫిబ్రవరిలో, నలుగురు పోయిన గాని యొకరిని చేర్చుకొనరాదను నియమము వచ్చినది. ఉద్యోగములలో నూతనముగా చేరి ప్రొబేషనులో నున్నవారిని వేలకొలది తొలగించిరి. నిషేధము ఏప్రిలున నొకమారు, జూలైలో మరియొకమారు పొడిగింపబడి, అక్టోబరు 15వ తేదీన నియామకములపై క్రొత్త కట్టుబాట్లు గల వేరొక యుత్తరువుగా మారినది.

ఫలితమేమి? కొందరికిచ్చిన నియామకపత్రములు వెనుకకు తీసికొనబడినవి. వేసవి శిక్షణలు కొన్ని రద్దయినవి. దేశపు పౌరవ్యవస్థల సైబరు రక్షణకై 2018 సం॥న స్థాపింపబడిన ‘సీసా’ యను సంస్థయే 2025 సం॥లో తన సిబ్బందిలో నించుమించు మూడవవంతును పోగొట్టుకొనినది. ఈ విద్యార్థులు చేరదగిన ముఖ్యస్థానములలో నది యొకటి. తలుపులన్నియు మూసియుండ, పదునెనిమిది నెలల గడియారము మాత్రము ఆగక నడచుచుండెను. విద్యార్థి వందలకొలది దరఖాస్తులు పెట్టుకొనినను, ఖాళీయే లేనిచోట నతని పాండిత్య మేమి చేయగలదు?

ఆ భారమెంతయో లెక్కవేసి చూతము. రెండు సంవత్సరములు పైచదువు చదివినవానికి జీవనవేతనము 74,000 డాలరులు; తక్కిన యలవెన్సు 12,000; వెరసి 86,000 డాలరులు. మన రూపాయలలో నిది 70 లక్షలకు మించును. బోధనరుసుము దీనికి వేరు. అదియు కలుపగా లక్ష డాలరులు దాటుట వింతగాదు. ఇరువదినాలుగేండ్ల యువకుడు గాని యువతి గాని, ఏ తప్పును చేయక, ఏ పనిని తిరస్కరింపక, ఈ ఋణమును నెత్తినెత్తుకొని జీవితము ప్రారంభింపవలసిన స్థితి యేర్పడినది. వీరిలో ననేకులు ఋణము చేయనిష్టము లేకయే, కంపెనీల శిక్షణావకాశములను కాదనుకొని, ఈ మార్గము త్రొక్కినవారు. అప్పునకు భయపడి వచ్చినవానికి అప్పే యెదురగుట యెంతటి వైపరీత్యము!

దీనిని మన పాఠకులకు సుపరిచితమైన విషయముతో పోల్చి చూపుదుము. ఒక మోతుబరి రైతు ముందుగా సొమ్మిచ్చి యొక పాలేరును కుదుర్చుకొనెననుకొందము. “సాలు పొడుగునను నాయొద్దనే పనిచేయవలెను, మానినచో సొమ్ము వడ్డీతో కట్టవలెను” అని పత్రము వ్రాయించుకొనెను. పాలేరు ఇతరుల పని కాదని, ఏరువాకనాడు తలపాగ చుట్టుకొని వాకిట నిలిచెను. అప్పు డా రైతు, “ఈయేడు నేను క్రొత్తవారిని పెట్టుకొన దలపలేదు. నీవు పనిచేయలేదు గనుక నా సొమ్ము వడ్డీతో తెమ్ము” అనినచో, ఊరి పెద్దమనుష్యు లేమందురు? ఆ రైతు కులపెద్దయైనను, గ్రామాధికారియైనను, రచ్చబండపై నతనికి తలవంపు తప్పదు. పని మానినవాడు వేరు, పని దొరకనివాడు వేరు. ఈ భేదము గుర్తింపని పత్రము ఎంత చక్కని దస్తూరితో వ్రాసియున్నను న్యాయపత్రము కానేరదు.

చట్టమును పరికించినను న్యాయమిదియే. ఈ వేతనములు పొందినవారిలో నూటికి 70మందికి తక్కువ కాకుండ కేంద్రప్రభుత్వపు కార్యనిర్వాహకశాఖలలో చేరునట్లు చూడవలెననియు, సైబరు భద్రత బోధించు ఉపాధ్యాయులుగా నూటికి పదిమందికి మించరాదనియు శాసనము విధించుచున్నది. ఈ విధి యెవరిని బంధించునది? విద్యార్థికి శాఖలలో ఖాళీలు సృష్టించు శక్తి లేదు. నియామకపత్రముపై సంతకము చేయు నధికారమును లేదు. నూటికి డెబ్బదియను లెక్క ప్రభుత్వము తనకు తాను విధించుకొన్న కర్తవ్యము. తన కర్తవ్యము తాను చేయనివాడు ఎదుటివాని కర్తవ్యలోపమునకు శిక్ష విధించుట యే ధర్మశాస్త్రమునకు సమ్మతము? ఒక్కచేత చప్పట్లు మ్రోగవు. ఒడంబడికయు నంతే.

దీనికి ప్రతికూలముగ చెప్పదగిన వాదములును లేకపోలేదు. వానిని గూడ న్యాయముగ విచారింతము. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు తన సిబ్బందిని తగ్గించుకొను హక్కు కలదని యొక వాదము. కలదు; మేము కాదనము. వ్యయము తగ్గించుట ప్రభుత్వపు విధానము కావచ్చును. కాని యా విధానపు వ్యయమును విద్యార్థి యింటిపై వ్రాయుట మితవ్యయము గాదు, పరవ్యయము. విద్యార్థులు చదివి సంతకము చేసిరి గదా యని రెండవ వాదము. చేసిరి. ప్రతి సంవత్సరము ఉద్యోగమేళాలు జరిపి, మీవంటివారు చాలక దేశము బాధపడుచున్నదని ప్రభుత్వమే చెప్పుచుండగా, ఆ మాట నమ్మి సంతకము చేసిరి. నమ్మించినవాని బాధ్యత నమ్మినవాని సంతకముచే తొలగిపోవునా? శిక్ష యనునది లేకపోయినచో అందరును సర్కారు సొమ్ముతో చదివి కంపెనీలకు పోవుదురని మూడవ వాదము. ఇది బలమైనదే. అందుచేతనే, ఉద్యోగమిచ్చినను చేరనివానినుండి సొమ్ము రాబట్టుటకు మే మభ్యంతరము చెప్పము. నిరాకరించినవాని కా శిక్ష న్యాయము, నిరాకరింపబడినవానికి అన్యాయము. ఈ రెంటిని వేరుచేయుట కష్టమైన పనియా? దరఖాస్తుల లెక్క విద్యార్థియొద్ద నున్నది. ఖాళీల లెక్క ప్రభుత్వమునొద్ద నున్నది.

రాష్ట్రప్రభుత్వములలోను పురపాలకసంఘములలోను చేరరాదా యని మరికొంద రందురు. కొందరు చేరవచ్చును, చేరుటయు మంచిదే. ఆసుపత్రులను, పాఠశాలలను, నీటికార్యాలయములను స్తంభింపజేసి డబ్బు గుంజు ముఠాలు మొదట పడునది చిన్న పట్టణములపైననే. కాని యట్టి సంస్థలకు ధనము తక్కువ. మొదట కేంద్రమునకై తయారుచేసినవారి నందరిని తమ భుజములపై వేసికొనగల శక్తి వానికి లేదు.

ఇట్టి చిక్కు ఆ దేశమున నింతకుముందే యొకమారు వచ్చినది, పరిష్కారమును పొందినది. 2007 సం॥ చట్టముచే ‘టీచ్’ అను పేర ఉపాధ్యాయవిద్యార్థులకు గ్రాంటు లేర్పరచిరి. పేదపిల్లలు చదువు పాఠశాలలలో నాలుగేండ్లు బోధింపవలెను. లేనిచో గ్రాంటు ఋణమగును. పాపము వేలకొలది ఉపాధ్యాయులు ఆ పాఠశాలలలో చిత్తశుద్ధితో బోధించుచునే యుండిరి. కాని యేటేట పంపవలసిన ధ్రువపత్రము కొన్నిదినము లాలస్యమైనదనియో, అందొక సంతకము లోపించినదనియో వారి గ్రాంటులు ఋణములుగ మార్చబడినవి. ఈ యన్యాయమును 2018 సం॥న పత్రికలవారును ఆకాశవాణివారును వెల్లడింపగా, ఆ సంవత్సరాంతమున విద్యాశాఖ తన తప్పిదమును దిద్దుకొని, సేవచేసినవారి ఋణములను మరల గ్రాంటులుగ మార్చుటకు మార్గమేర్పరచెను. గ్రాంటును ఋణముగ మార్చిన కలమే ఋణమును గ్రాంటుగ మార్చగలదని దీనివలన రుజువైనది. కావలసినది సంకల్పము.

కావున ఈ విషయమున మాకు తోచిన మార్గములు నాలుగు. నియామకములు నిలిచియున్న కాలమును పదునెనిమిది నెలల గడువునుండి తీసివేయవలెను; తలుపు మూసినవాడు ఆలస్యమునకు జరిమానా వేయరాదు. తగిన ప్రయత్నము చేసినను పని దొరకలేదని ఋజువు చేసికొన్నవారికి ఋణము పూర్తిగ రద్దుచేయవలెను. ఈ పథకముక్రింద తయారైనవారి నియామకములు సర్వసాధారణ నిషేధములకు లోబడవని చట్టముననే స్పష్టపరుపవలెను. సార్వజనిక వైద్యశాలలు, విద్యుత్తు, నీటి సరఫరా సంస్థలలో చేసిన రక్షణసేవ యెవరి యాజమాన్యమునం దున్నను సేవగనే లెక్కింపవలెను. ఏలన, ఆ వ్యవస్థ కూలినచో నష్టపడునది ప్రజయే.

ఇందు విద్యార్థులకంటె దేశమునకే లాభ మెక్కువ. 2021 సం॥ మే నెలలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ యంత్రములలోనికి, వాడుకలేని యొక పాత ఖాతా రహస్యపదముచే దుండగులు ప్రవేశించిరి. 5,500 మైళ్ల గొట్టపుమార్గము పలుదినములు మూతపడెను. తూర్పుతీరమున మోటారుబండ్లు పెట్రోలుకై బారులు తీరెను. కంపెనీ 44 లక్షల డాలరుల వరకు దుండగులకు సమర్పించుకొనవలసి వచ్చినది. ఒక్క పాతఖాతాను మూసివేయు జాగరూకుడొక్కడు చాలినచోట అంతటి నష్టము వచ్చినది. అట్టి జాగరూకులను తమ సొమ్ముతోనే తయారుచేసి, తయారైనపిదప వాకిటనుండి త్రోలివేయుట, విత్తిన చేనికి నీరుపెట్టి పంటకాలమున గిత్తలను తోలుటవంటిది. ఇదిగాక, మరుసటి సంవత్సరము క్రొత్త విద్యార్థులు దరఖాస్తు పెట్టుటకు వత్తురా? “ఏరు దాటుదాక ఓడ మల్లన్న, ఏరు దాటినపిమ్మట బోడి మల్లన్న” యనిపించుకొన్న ప్రభుత్వపు మాటకు విలువ యేమి యుండును? పోయిన యుద్యోగములను తిరిగి కల్పింపవచ్చును. పోయిన నమ్మకమును బడ్జెట్టులో కేటాయించుట కెవరి తరము కాదు.

మన దేశమున కిందుండి రెండు పాఠములు కలవు. అట్టి కావలివారు మనకును కావలెననుట మొదటిది. 2019 సం॥న కూడంకుళము అణువిద్యుత్కేంద్రపు పరిపాలనాయంత్రములలో దుష్టక్రమణిక కనబడినట్లు దాని యధికారులే యంగీకరించిరి. 2022 సం॥ నవంబరున ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ యంత్రములు స్తంభించి, దేశమునకెల్ల పెద్దాసుపత్రిలో రోగుల పేర్లు పలుదినములు చేతితో వ్రాసికొనవలసి వచ్చెను. ఇట్టి విపత్తులు చూచిన పిదప, చదువు చెప్పించి ప్రభుత్వసేవకు తీసికొను పథకము మనవారికిని తోచుట సహజము. తోచినచో మేము హర్షింతుము.

రెండవ పాఠము, ఆ పథకపు పత్రమెట్లు వ్రాయవలెననునది. ప్రభుత్వధనముతో చదివిన వైద్యులు కొంతకాలము ప్రజాసేవ చేయవలెనని రాష్ట్రములు తీసికొను బాండులు చెల్లునని సుప్రీముకోర్టు 2019 సం॥ ఆగస్టున తీర్పుచెప్పినది. సేవ కోరుట న్యాయమే. కాని సేవ కోరువాడు, సేవచేయుటకు చోటు చూపవలెను గదా! ఇన్ని నెలలలోపల ఉద్యోగము చూపెదమనియు, చూపలేనిచో విద్యార్థి విముక్తుడనియు అదే పత్రమున, అదే యక్షరముల పరిమాణమున వ్రాసినపుడే యది యొడంబడిక యనిపించుకొనును. లేనిచో నది ఉరిత్రాడునకు పూలు చుట్టినట్లగును.

ప్రభుత్వము ప్రజలనుండి పన్నులు కోరును, విధేయత కోరును, యుద్ధము వచ్చిన ప్రాణములు గూడ కోరును. ఈ కోర్కెలన్నిటికిని మూలధనము ప్రభుత్వపు మాటయందు ప్రజలకు గల విశ్వాసము. చదువుకొన్న యువకుడు తన విద్యను దేశమునకు సమర్పింతునని వాకిట నిలిచినపుడు, అతని చేతికి పని యీయలేకపోవుట దురదృష్టము. అప్పుచీటి యిచ్చుట యన్యాయము. అమెరికా శాసనసభవారు ఈ భేదమును చట్టమున కెక్కించి, సేవార్థమని పేరుపెట్టిన వేతనమును సేవార్థముగనే నిలుపుదురు గాక యని కోరుచున్నాము.